టీవీ డబ్బు ఇంత వస్తున్నా ఫుట్‌బాల్ క్లబ్బులు ఎందుకు మునుగుతున్నాయి?

ప్రశ్న: గోల్‌లైన్

హైదరాబాద్ ఎఫ్‌సి పేరు మార్చుకుని ఢిల్లీకి వెళ్లిపోయిన దగ్గర్నుంచి ఒక సందేహం వదలడం లేదు. మన దగ్గర టీవీ డబ్బు పెద్దగా లేదు కాబట్టి క్లబ్బులు నిలదొక్కుకోలేవు అనుకుందాం. మరి ఇంగ్లండ్ సంగతేమిటి? 1992లో ఐదేళ్లకు 30.4 కోట్ల పౌండ్లతో మొదలైన ప్రీమియర్ లీగ్ టీవీ ఒప్పందం ఇప్పుడు నాలుగేళ్లకు 670 కోట్ల పౌండ్లకు చేరింది. అదీ ఒక్క బ్రిటన్ లోపలి హక్కులకే. అయినా అదే దేశంలో లీడ్స్ మునిగింది, పోర్ట్స్‌మత్ మునిగింది, డెర్బీ మునిగింది, 1885లో పుట్టిన బరీ ఏకంగా లీగ్ నుంచే పోయింది.

నేను తెలుసుకోవాలనుకుంటున్నవి ఇవి. టీవీ డబ్బు క్లబ్బుల మధ్య సరిగ్గా ఎలా పంచుతారు? అంత డబ్బు వచ్చే చోట దివాలా ఎలా తీస్తారు? కొత్త యజమాని వచ్చినప్పుడు మామూలు అభిమాని ఇంట్లో కూర్చుని ఏ కాగితాలు చూసి మంచి చెడ్డలు పసిగట్టవచ్చు? అవినీతి అనగానే అందరూ ఫిఫా అంటారు, అసలు డబ్బు చేతులు మారేది ఎక్కడ? పైపైన కాకుండా అంకెలతో చెప్పగలిగినవాళ్లు చెప్పండి.

జవాబు: పట్టిక20

పంపకం సంగతి నేను చెబుతాను. 2018-19 సీజన్ తీసుకోండి. ఆ ఏడు రెండో స్థానంలో నిలిచిన లివర్‌పూల్‌కు, విజేత మాంచెస్టర్ సిటీ కన్నా ఎక్కువ డబ్బు వచ్చింది. ఎందుకో తెలిస్తే పద్ధతి మొత్తం అర్థమవుతుంది.

దేశం లోపలి టీవీ డబ్బులో సగం 20 క్లబ్బులకూ సమానం. ఆ ఏడు ఒక్కొక్కరికి 3.44 కోట్ల పౌండ్లు. పావు వంతు పట్టికలో స్థానాన్ని బట్టి. అట్టడుగు జట్టుకు 19.2 లక్షలు, ఒక్కో మెట్టు పైకి వెళ్తే మరో 19.2 లక్షలు, అంటే విజేతకు 3.84 కోట్లు. మిగిలిన పావు టీవీలో ప్రత్యక్షంగా చూపిన మ్యాచ్‌ల సంఖ్యను బట్టి. లివర్‌పూల్‌ను 29 సార్లు, సిటీని 26 సార్లు చూపించారు. ఒక్కో మ్యాచ్‌కు సుమారు 11, 12 లక్షలు వేసుకోండి. పది కన్నా తక్కువ సార్లు చూపినా పది మ్యాచ్‌ల డబ్బు ఇస్తారు. ఇవి కాక విదేశీ ప్రసారాల డబ్బు ఒక్కొక్కరికి 4.32 కోట్లు, లీగ్ స్పాన్సర్ల వాటా సుమారు 50 లక్షలు. మొత్తం కలిపితే లివర్‌పూల్ 15.24 కోట్లు, సిటీ 15.1 కోట్లు, ఆఖర్న నిలిచి కింది డివిజన్‌కు దిగిపోయిన హడర్స్‌ఫీల్డ్ 9.66 కోట్లు.

2019 నుంచి ఒక మార్పు వచ్చింది. విదేశీ డబ్బులో కొత్తగా పెరిగిన భాగాన్ని సమానంగా కాకుండా స్థానాన్ని బట్టి ఇస్తున్నారు. పెద్ద క్లబ్బులు పట్టుబట్టి సాధించుకున్న మార్పు అది. మొదటి జట్టు వాటా ఆఖరి జట్టు వాటాకు 1.8 రెట్లు దాటకూడదన్న హద్దు మాత్రం పెట్టారు.

వేరే దేశాలతో పోలిస్తే ఇది న్యాయమైన పంపకమే. స్పెయిన్‌లో 2015లో ప్రభుత్వం చట్టం తెచ్చేదాకా రియల్ మాడ్రిడ్, బార్సిలోనా తమ హక్కులు తామే అమ్ముకునేవి. చిన్న క్లబ్బులకు వాటిలో ఏడో ఎనిమిదో వంతు వచ్చేది. కానీ ఇంగ్లండ్‌లో అసలు జబ్బు 20 క్లబ్బుల మధ్య లేదు. 20కీ 21కీ మధ్య, అంటే ప్రీమియర్ లీగ్ ఆఖరి క్లబ్బుకూ దాని కింది డివిజన్ మొదటి క్లబ్బుకూ మధ్య ఉంది.

హడర్స్‌ఫీల్డ్ కిందికి దిగాక ఏమైందో చూడండి. దిగిన క్లబ్బుకు 'పారాచూట్' పేరుతో సమాన వాటాలో మొదటి ఏడు 55 శాతం, రెండో ఏడు 45 శాతం ఇస్తారు. పైన ఒక్క సీజన్ కన్నా ఎక్కువ ఆడి ఉంటే మూడో ఏడు మరో 20 శాతం. మొదటి ఏటి మొత్తమే 4 కోట్లు దాటుతుంది. అదే డివిజన్‌లో పక్కన ఆడే, పారాచూట్ లేని క్లబ్బుకు టీవీ డబ్బు, పైనుంచి వచ్చే సహాయం అన్నీ కలిపినా అప్పట్లో 80 లక్షల ప్రాంతం. ఈ ఇద్దరూ ఒకే పట్టికలో పోటీ పడాలి. ఆ పక్కవాడు ఏం చేస్తాడు? ఒక్కసారి పైకి ఎక్కితే పది కోట్లు వస్తాయి కదా అని లేని డబ్బుతో ఆటగాళ్లను తెస్తాడు. 2018-19లో రెండో డివిజన్ క్లబ్బులన్నిటి జీతాలు కలిపితే వాటి మొత్తం ఆదాయంలో 107 శాతం. కరెంటు బిల్లు, మైదానం, ప్రయాణాలు ఇంకా లెక్కలోకే రాలేదు.

ఇది దానంతట అదే వచ్చిన పరిస్థితి కాదు. 1983 దాకా సొంత మైదానంలో ఆడే క్లబ్బు టికెట్ల డబ్బులో వాటా అతిథి జట్టుకు ఇచ్చేది. ఆ ఏడు దాన్ని ఎత్తేశారు. అప్పట్లో టీవీ డబ్బును నాలుగు డివిజన్లలోని 92 క్లబ్బులూ సమానంగా పంచుకునేవి. 1980ల నడుమ పై డివిజన్ సగం తీసుకోవడం మొదలుపెట్టింది. 1992లో విడిపోయి మొత్తం తానే ఉంచుకుంది. పదేళ్లలో మూడు అడుగులు, మూడూ ఒకే దిక్కుకు.

జవాబు: ఖాతాపుస్తకం

పట్టిక20 గారు చెప్పింది రాబడి వైపు. నేను రెండో ప్రశ్నకు వస్తాను.

పంట ఇంకా చేలో ఉండగానే షావుకారు దగ్గర ధర కట్టి అప్పు తెచ్చుకోవడం మన పల్లెల్లో అందరికీ తెలిసినదే. మునిగిన క్లబ్బులన్నీ చేసింది అదే. ఇంకా చేతికి రాని డబ్బును ఖర్చు పెట్టేశాయి. తేడా ఎక్కడంటే, ఏ డబ్బును ఎవరికోసం తాకట్టు పెట్టారన్న దగ్గర.

లీడ్స్ యునైటెడ్ గెలుపు కోసం పెట్టింది. 2001లో యూరప్ క్లబ్బుల పెద్ద టోర్నీ చాంపియన్స్ లీగ్‌లో సెమీఫైనల్ ఆడింది. ఇక ఏటా ఆ టోర్నీలో ఉంటామని లెక్క వేసి, అదే ఏడు 6 కోట్ల పౌండ్లు అప్పు తెచ్చింది. జామీనుగా చూపింది రాబోయే 25 ఏళ్ల సీజన్ టికెట్ల ఆదాయం. కానీ 2001లో నాలుగో స్థానం, 2002లో ఐదో స్థానం. రెండుసార్లూ ఒక్క మెట్టు తేడాతో ఆ టోర్నీ తప్పిపోయింది. 2002 జులైలో రియో ఫెర్డినాండ్‌ను సుమారు 3 కోట్లకు మాంచెస్టర్ యునైటెడ్‌కు అమ్మింది. అప్పు 10 కోట్లు దాటింది. 2004లో కింది డివిజన్‌కు దిగింది, అదే ఏడు ఎల్లండ్ రోడ్ స్టేడియం కూడా అమ్ముకుంది. ఇక్కడ ఎవరూ దొంగతనం చేయలేదు. ఆదాయ అంచనాలో 'అర్హత రాకపోతే' అన్న గడి పెట్టి, ఆ గడిలో జీతాలు ఎంత తగ్గుతాయో రాసుకోలేదు. ఆటగాళ్ల ఒప్పందాల్లో కిందికి దిగితే జీతం ఇన్ని శాతం తగ్గుతుందన్న షరతు ఉందా లేదా అన్నది అందుకే అంత ముఖ్యం. కింద పడ్డ క్లబ్బు బతికేదీ చచ్చేదీ ఆ ఒక్క వాక్యం మీదే.

మాంచెస్టర్ యునైటెడ్ తీరు వేరు. అక్కడ తాకట్టు పెట్టింది క్లబ్బు కోసం కాదు, క్లబ్బును కొనడం కోసం. 2005లో గ్లేజర్ కుటుంబం 79 కోట్ల పౌండ్లకు కొన్నప్పుడు అందులో సగానికి పైగా అప్పే. అంతకు ముందు క్లబ్బుకు అప్పు లేదు. 2006లో ఆ అప్పును మళ్లీ సర్దినప్పుడు అందులో ఒక భాగానికి వడ్డీ ఏడాదికి 14.25 శాతం. పైగా ఆ వడ్డీని నగదుగా కట్టరు, అసలుకే కలుపుతారు. 13.8 కోట్లు ఉన్నది 2010 నాటికి 20 కోట్లు దాటింది. ఆ ఏడు ఆగస్టులో వడ్డీ 16.25 శాతానికి పెరిగింది, నవంబరులో కట్టేశారు. యునైటెడ్ మునగలేదు, ఎందుకంటే ఆదాయం అంత పెద్దది. ఇదే పని చిన్న క్లబ్బు మీద చేస్తే రెండేళ్లు నిలవదు. అభిమాని అడగాల్సింది 'యజమాని దగ్గర ఎంత డబ్బుంది' అని కాదు, 'కొన్న డబ్బు ఎవరి పేరున అప్పుగా కూర్చుంది' అని.

డెర్బీ కౌంటీది మూడో రకం. లాభనష్టాల నిబంధన ప్రకారం రెండో డివిజన్ క్లబ్బు మూడేళ్లలో 3.9 కోట్లకు మించి నష్టపోకూడదు. ఆ హద్దులో ఉండడానికి 2018లో యజమాని మెల్ మోరిస్ క్లబ్బు స్టేడియాన్ని తన సొంత కంపెనీకే 8.1 కోట్లకు అమ్మారు. పుస్తకాల్లో దాని విలువ అందులో సగమే కాబట్టి దాదాపు 4 కోట్లు లాభం కనిపించింది. ఆ ఏడు నష్టంలో ఉండాల్సిన క్లబ్బు 1.46 కోట్ల లాభం చూపింది. అప్పటి నిబంధనల్లో అది తప్పు కాదు. కానీ స్టేడియం ఒక్కసారే అమ్మగలం, జీతాలు నెలనెలా ఇవ్వాలి. 2021 సెప్టెంబరులో దివాలా, మొత్తం 21 పాయింట్ల కోత, ఆ సీజన్ చివర మూడో డివిజన్.

డెర్బీ చేసిన రెండో పని ఇంకా లోతైనది. ఆటగాడిని 1 కోటికి కొని నాలుగేళ్ల ఒప్పందం ఇస్తే పుస్తకాల్లో ఏటా 25 లక్షలు ఖర్చు రాయాలి. డెర్బీ అలా రాయకుండా, ఒప్పందం చివర్లో కూడా అతన్ని ఫలానా ధరకు అమ్మగలమని ఊహించి మొదటి ఏళ్లలో తక్కువ రాసింది. నాలుగో ఏట ఆ ఊహ అబద్ధమైతే మిగిలిన భారం ఒక్కసారిగా మీద పడుతుంది. దీని మీద జరిమానా పడింది, ఖాతాలు మళ్లీ రాయాల్సి వచ్చింది. చెల్సీ ఎనిమిదేళ్ల ఒప్పందాలు ఇచ్చినప్పుడూ ఇలాంటి లెక్కే వెనుక ఉంది. 6 కోట్లను ఐదేళ్లకు పంచితే ఏటా 1.2 కోట్లు, ఎనిమిదేళ్లకు పంచితే 75 లక్షలు. అందుకే యూరప్ ఫుట్‌బాల్ సమాఖ్య యూఈఎఫ్ఏ, తర్వాత ప్రీమియర్ లీగ్ 2023లో ఐదేళ్లకు హద్దు గీశాయి.

జవాబు: గోల్‌లైన్

చాలా థ్యాంక్స్ అండీ. ఒక చిన్న సందేహం. ఈ ఉదాహరణలన్నిట్లో తప్పు క్లబ్బుదే. క్లబ్బు జాగ్రత్తగానే ఉండి, టీవీ కంపెనీయే డబ్బు ఎగ్గొడితే? అలా ఎప్పుడైనా జరిగిందా?

జవాబు: రెండోసగం

జరిగింది. ఒకసారి ఇంగ్లండ్‌లో, ఒకసారి ఫ్రాన్స్‌లో. రెండుసార్లూ తప్పు ఒకే కాగితం దగ్గర జరిగింది.

ఇంగ్లండ్‌లో ఫుట్‌బాల్ లీగ్, అంటే ప్రీమియర్ లీగ్ కింది మూడు డివిజన్లు, ఐటీవీ డిజిటల్‌తో 2001 నుంచి మూడేళ్లకు 31.5 కోట్ల పౌండ్ల ఒప్పందం చేసుకుంది. ఆ సంస్థ వెనుక కార్ల్‌టన్, గ్రెనడా అనే రెండు పెద్ద టీవీ కంపెనీలు ఉన్నాయి కాబట్టి భయం లేదనుకున్నారు. 2002 మార్చిలో ఐటీవీ డిజిటల్ దివాలా తీసింది. ఇంకా రావాల్సింది 17.85 కోట్లు. లీగ్ కోర్టుకు వెళ్లి ఆ రెండు మాతృసంస్థల నుంచి రాబట్టాలని చూసింది. ఆగస్టులో తీర్పు వచ్చింది. మాతృసంస్థలు హామీ ఇచ్చినట్టు సంతకం చేసిన ఒప్పందం లేదు, కాబట్టి బాధ్యత లేదు. అప్పటికే ఆ డబ్బు చూసుకుని మూడేళ్ల జీతాలకు ఒప్పుకున్న క్లబ్బులు వరుసగా కూలాయి. కొత్త ఒప్పందం స్కైతో నాలుగేళ్లకు 9.5 కోట్లకు కుదిరింది.

ఫ్రాన్స్ కథ ఇంకా బాధ కలిగిస్తుంది, ఎందుకంటే అక్కడ హెచ్చరిక కళ్లెదుట ఉంది. మీడియాప్రో అనే స్పెయిన్ సంస్థ ముందు ఇటలీ లీగ్ హక్కులకు ఏడాదికి 105 కోట్ల యూరోలు ఇస్తానంది. ఇటలీ వాళ్లు బ్యాంకు గ్యారంటీ అడిగారు. ఇవ్వలేకపోయింది. 2018 మే 28న ఇటలీ ఆ ఒప్పందాన్ని రద్దు చేసింది. మర్నాడే, మే 29న, ఫ్రెంచ్ లీగ్ తన వేలంలో అదే సంస్థకు హక్కుల్లో సింహభాగం అప్పగించింది. రెండు డివిజన్లకూ కలిపి 2020 నుంచి ఏడాదికి 81.4 కోట్ల యూరోలు. బ్యాంకు గ్యారంటీ తీసుకోలేదు, వాటాదారు ఇచ్చిన హామీతో సరిపెట్టుకుంది.

మీడియాప్రో ఆలోచన ఏమిటంటే టెలిఫుట్ అనే సొంత ఛానెల్ పెట్టి నెలకు 25.90 యూరోల చొప్పున చందా వసూలు చేయడం. లెక్క వేసి చూడండి. 81.4 కోట్లను 12 నెలలకు, ఆపైన 25.90కి భాగించండి. 26 లక్షల చందాదారులు ఏడాది పొడవునా ఉంటే గానీ హక్కుల ఖర్చే రాదు. పన్ను, కేబుల్ కంపెనీల కమీషన్, ఛానెల్ నడిపే ఖర్చు వేరే. ఈ భాగహారం సంతకం పెట్టే రోజు ఎవరైనా చేయగలిగేదే.

2020 ఆగస్టు వాయిదా కట్టింది. అక్టోబరు వాయిదా 17 కోట్ల పైచిలుకు కట్టలేదు. డిసెంబరులో ఒప్పందం ముగిసింది, బయటపడడానికి సంస్థ 10 కోట్లు ఇచ్చింది. అమెజాన్ అదే మ్యాచ్‌లను ఏడాదికి 25 కోట్ల ప్రాంతంలో తీసుకుంది. ఆ లోటు పూడ్చుకోవడానికి లీగ్ 2022లో తన వాణిజ్య కంపెనీలో 13 శాతం వాటాను సీవీసీ అనే పెట్టుబడి సంస్థకు 150 కోట్లకు ఇచ్చింది. గడువు లేని వాటా అది. అంటే ఒక రెండేళ్ల గుంత పూడ్చడానికి రాబోయే ప్రతి ఏటి ఆదాయంలోంచీ ముక్క కోసి ఇచ్చారు. ఖాతాపుస్తకం గారు చెప్పిన పంట తాకట్టు ఇక్కడ క్లబ్బు కాదు, లీగ్ మొత్తం పెట్టింది. 2024లో వచ్చిన డాజన్ అనే ప్రసార సంస్థ ఏడాదికి 40 కోట్లకు ఒప్పుకుని ఒక్క సీజన్ తర్వాత వెళ్లిపోయింది. ఇప్పుడు లీగ్ తన సొంత ఛానెల్ నడుపుకుంటోంది.

బోర్డో క్లబ్బు దీనికి బలైంది. 1999 నుంచి 2018 దాకా ఎం6 టీవీ ఛానెల్ చేతిలో ఉండేది. తర్వాత అమెరికా పెట్టుబడి సంస్థల చేతికి వెళ్లింది. కోవిడ్, మీడియాప్రో దెబ్బలు కలిసి తగిలాక 2021 ఏప్రిల్‌లో కింగ్ స్ట్రీట్ అనే ఆ సంస్థ ఇక డబ్బు పెట్టనని చేతులెత్తేసింది. 2024లో క్లబ్బు ప్రొఫెషనల్ హోదానే వదులుకుని నాలుగో డివిజన్‌కు వెళ్లింది. ఆరుసార్లు ఫ్రాన్స్ విజేత అది.

కాబట్టి హక్కుల ఒప్పందం చదివేవాళ్లు అంకె చూడకముందు మూడు చూడాలి. జామీను ఎవరిది, బ్యాంకుదా, మాతృసంస్థదా, ఉత్త మాటా. వాయిదాలు సీజన్ ముందా, మధ్యలోనా. ఒక్క వాయిదా తప్పితే హక్కులు ఎన్ని రోజుల్లో తిరిగి లీగ్ చేతికి వస్తాయి. ఈ మూడోది సరిగ్గా లేకపోతే డబ్బూ రాదు, వేరేవాళ్లకు అమ్మనూ లేం.

జవాబు: లైన్స్‌మన్

అవినీతి ప్రశ్నను ఎవరూ ముట్టుకోలేదు. టీవీ డబ్బులో లంచం ఎక్కడ దూరుతుందంటే, హక్కులు అమ్మే సమాఖ్యకూ కొనే ఛానెల్‌కూ మధ్య నిలబడే మార్కెటింగ్ కంపెనీ దగ్గర. సమాఖ్య అధికారి హక్కులను వేలం లేకుండా తక్కువ ధరకు ఆ కంపెనీకి రాస్తాడు. కంపెనీ వాటిని ఛానెళ్లకు అసలు ధరకు అమ్ముతుంది. తేడాలో ఒక ముక్క 'సలహా రుసుము' పేరుతో ఇంకో దేశంలోని ఖాతా మీదుగా అధికారికి చేరుతుంది. ఛానెల్ కట్టింది న్యాయమైన ధరే, సమాఖ్య పుస్తకాల్లో ఉన్నదీ నిజమైన అంకే. రెండు పుస్తకాలు పక్కపక్కన పెడితే తప్ప దొరకదు.

దీనికి పెద్ద ఉదాహరణ ఐఎస్ఎల్. మన ఇండియన్ సూపర్ లీగ్ కాదు, ఫిఫా హక్కులు అమ్మిన స్విస్ కంపెనీ. 2001లో అది దివాలా తీస్తే గానీ గుట్టు బయటపడలేదు. 1989 నుంచి దాదాపు 14 కోట్ల స్విస్ ఫ్రాంకులు 'కమీషన్ల' కింద క్రీడా అధికారులకు వెళ్లాయి. 2012లో స్విస్ కోర్టు బయటపెట్టిన పత్రాల్లో ఫిఫా మాజీ అధ్యక్షుడు జువావ్ అవెలాంజ్‌కు 15 లక్షలు, బ్రెజిల్ సమాఖ్య అధ్యక్షుడు రికార్డో టెషేరాకు 1.27 కోట్ల ఫ్రాంకులు చేరినట్టు ఉంది. ఆ కాలపు స్విస్ చట్టంలో ప్రైవేటు సంస్థల మధ్య లంచం నేరమే కాదు, అందుకే అంతకాలం నడిచింది. 2015 మే 27న జ్యూరిచ్ హోటల్లో జరిగిన అరెస్టులు అమెరికా చట్టం కింద. ఆ కేసులో బ్రెజిల్‌కు చెందిన ట్రాఫిక్ కంపెనీ యజమాని జోసె హవీలా నేరం ఒప్పుకుని 15.1 కోట్ల డాలర్లు వదులుకోవడానికి అంగీకరించాడు.

క్లబ్బు స్థాయిలో లంచం ముతకగా ఉంటుంది. 1993 మేలో ఫ్రాన్స్‌లోని మార్సే క్లబ్బు, చాంపియన్స్ లీగ్ ఫైనల్‌కు ఆరు రోజుల ముందు తన ఆటగాళ్లకు దెబ్బలు తగలకుండా లీగ్ మ్యాచ్ తేలిగ్గా గెలవాలని ఎదుటి జట్టు వాలెన్సియన్ ఆటగాళ్లకు డబ్బు ఇచ్చింది. 2.5 లక్షల ఫ్రాంకులు ఒక ఆటగాడి బంధువుల తోటలో పాతిపెట్టి ఉండగా దొరికాయి. అధ్యక్షుడు బెర్నార్ తపీ జైలుకు వెళ్లాడు. ఆ ఫైనల్లో ఎదుటి జట్టు మిలాన్ యజమాని బెర్లుస్కోనీ. అప్పట్లో ఇటలీలో పెద్ద ప్రైవేటు టీవీ ఛానెళ్లు ఆయనవే. ఒకే మనిషి క్లబ్బుకూ హక్కులు కొనే ఛానెల్‌కూ యజమాని అయితే బేరం రెండు వైపులా ఆయనే కూర్చుంటాడు. లంచం ఇచ్చే అవసరమే ఉండదు. నాకు తోటలో పాతిన కవరు కన్నా ఇదే ఎక్కువ ప్రమాదంగా కనిపిస్తుంది.

జవాబు: ఖాతాపుస్తకం

మూడో ప్రశ్న మిగిలింది, ఇంట్లో కూర్చుని ఏం చూడాలన్నది. ఇంగ్లిష్ క్లబ్బు అయితే బ్రిటన్ కంపెనీల రిజిస్ట్రీ అయిన కంపెనీస్ హౌస్ వెబ్‌సైట్‌లో అన్నీ ఉచితం. క్లబ్బు పేరుకూ కంపెనీ పేరుకూ తేడా ఉంటుంది కాబట్టి క్లబ్బు సైట్ అడుగున రాసిన కంపెనీ నంబరుతో వెతకండి. తర్వాత దాని పైన ఉన్న కంపెనీ, ఆ పైన ఉన్నది, ఇలా గొలుసు చివరి దాకా వెళ్లండి. గొలుసు కేమన్ దీవుల్లోనో వర్జిన్ దీవుల్లోనో ఆగిపోతే అక్కడితో కాగితం అయిపోయినట్టే. అది నేరం కాదు, కానీ రాసి పెట్టుకోండి.

ముందు తెరవాల్సింది 'చార్జెస్' పేజీ. క్లబ్బు ఏది తాకట్టు పెట్టినా అక్కడ నమోదవుతుంది. అప్పు ఇచ్చినవాడి పేరు, తేదీ, ఏ ఆస్తి మీద అన్నది ఆ పత్రంలోనే ఉంటాయి. ఆస్ట్రేలియాకు చెందిన మాక్వారీ బ్యాంకు పేరు ఇంగ్లిష్ క్లబ్బుల్లో తరచు కనిపిస్తుంది. రాబోయే టీవీ వాయిదాల మీదో, అమ్మిన ఆటగాడి తాలూకు రావాల్సిన వాయిదాల మీదో ముందుగా డబ్బు ఇస్తుంది. ఒక్కసారి అలా తీసుకోవడం మామూలే. ఏటా అదే నెలలో కొత్త చార్జ్ పడుతూ పాతది తీరకుండా ఉంటే, వచ్చే ఏటి డబ్బుతో ఈ ఏటి జీతాలు ఇస్తున్నారని అర్థం.

తర్వాత వార్షిక ఖాతాలు. ఆడిటర్ నివేదికలో సంస్థ కొనసాగడం మీద గణనీయమైన అనిశ్చితి ఉందన్న పేరా వెతకండి. జీతాలను మొత్తం ఆదాయంతో భాగించండి. 70 శాతం దాటితే జాగ్రత్త. యూఈఎఫ్ఏ కూడా జట్టు ఖర్చుకు 2025-26 నుంచి 70 శాతమే హద్దుగా పెట్టింది. ఏడాదిలోపు తీర్చాల్సిన అప్పులు ఎంత, వాటి పక్కన బ్యాంకులో నగదు ఎంత. సంబంధిత పక్షాలతో లావాదేవీల నోట్ తప్పకుండా చదవండి, స్టేడియం అమ్మకాలు, యజమాని వేరే కంపెనీ ఇచ్చిన స్పాన్సర్‌షిప్‌లు దాక్కునేది అక్కడే. చివర్లో ఆ ఖాతాల తేదీ తర్వాత జరిగిన సంఘటనల నోట్ ఉంటుంది, అసలు కబురు చాలాసార్లు అందులో ఉంటుంది.

ఖాతాలు ఆలస్యం కావడమే ఒక కబురు. ప్రైవేటు కంపెనీకి గడువు తొమ్మిది నెలలు. గడువుకు ఒకటి రెండు రోజుల ముందు ఆర్థిక సంవత్సరం తేదీ మార్చుకున్నారంటే సమయం కొంటున్నారని అర్థం. పన్ను శాఖ క్లబ్బును మూసేయమని కోర్టుకు వెళితే ఆ ప్రకటన గెజిట్‌లో వస్తుంది. ఆటగాళ్ల బాకీలు ముందు తీరాలన్నది లీగ్ నిబంధన, అందుకే క్లబ్బులు ముందు ఎగ్గొట్టేది పన్ను, ఆ తర్వాత ఊళ్లోని చిన్న వ్యాపారులను. పోర్ట్స్‌మత్ 2010లో పడినప్పుడు మ్యాచ్ రోజు ప్రథమ చికిత్స చేసే సెయింట్ జాన్ అంబులెన్స్ కూడా బాకీల జాబితాలో ఉంది.

బరీ విషయంలో ఇవన్నీ ముందే కనిపించాయి. 2018 డిసెంబరులో స్టీవ్ డేల్ ఒక్క పౌండుకు కొన్నారు. స్టేడియం అప్పటికే తాకట్టులో ఉంది. కొనుగోలు ముగిసిపోయాక లీగ్ నిధుల ఆధారం అడిగింది, సంతృప్తికరమైన ఆధారం రాలేదని చెబుతూ 2019 ఆగస్టు 27న బహిష్కరించింది. క్రమం తలకిందులు. ఆధారం ముందు, అప్పగింత తర్వాత ఉండాలి. 2025 జులైలో చట్టమైన ఫుట్‌బాల్ గవర్నెన్స్ యాక్ట్ కింద వచ్చిన స్వతంత్ర నియంత్రణ సంస్థ ముఖ్యంగా మార్చాల్సింది దీన్నే. పై ఐదు స్థాయిల క్లబ్బులకూ లైసెన్స్ కావాలి, స్టేడియం అమ్మాలన్నా తాకట్టు పెట్టాలన్నా అనుమతి కావాలి.

జవాబు: పట్టిక20

ఒక మాట కలుపుతాను. డబ్బున్న, మోసం చేయని యజమాని ఉన్నా ఇబ్బంది రావచ్చు. బ్లాక్‌బర్న్ రోవర్స్‌ను 2010 నవంబరులో 2.3 కోట్ల పౌండ్లకు కొన్న వెంకీస్ మనకు తెలిసినదే, స్థాపకుడు బి.వి. రావు తెలుగువారు. కొన్న నెలలోపే అనుభవజ్ఞుడైన కోచ్ సామ్ అలర్డైస్‌ను తీసేశారు, 2012లో క్లబ్బు దిగిపోయింది. ఆ తర్వాత ఏళ్ల తరబడి నష్టాలను యజమానులే భరించారు, పెట్టిన మొత్తం 20 కోట్ల పౌండ్లు దాటింది. కానీ ఇండియాలో విదేశీ మారక నిబంధనల మీద దర్యాప్తు మొదలయ్యాక, 2023లో క్లబ్బుకు డబ్బు పంపాలంటే ఢిల్లీ హైకోర్టు అనుమతి కోరాల్సి వచ్చింది. బ్లాక్‌బర్న్‌లో జీతాలు ఢిల్లీలో కోర్టు వాయిదా తేదీ మీద ఆధారపడ్డాయి. అందుకే యజమాని ఆస్తి ఎంతన్నది ఒక్కటే చాలదు, ఆ డబ్బు ఏ దేశంలో ఉంది, సరిహద్దు దాటాలంటే ఎవరి సంతకం కావాలి, కనీసం ఒక సీజన్ జీతాల మొత్తం ముందుగానే క్లబ్బు ఖాతాలో ఉందా అన్నవి అడగాలి.

జవాబు: గోల్‌లైన్

మరి మన దగ్గర ఇలాంటి కాగితాలు చూసే వీలుందా? హైదరాబాద్ ఎఫ్‌సి విషయంలో అభిమానులకు ముందే తెలిసే దారి ఉండేదా?

జవాబు: రెండోసగం

కొంత ఉండేది. కేంద్ర కంపెనీ వ్యవహారాల శాఖ సైట్‌లో ఏ కంపెనీ చార్జ్‌ల జాబితా అయినా ఉచితంగా చూడవచ్చు. వంద రూపాయలు కడితే బ్యాలెన్స్ షీట్, డైరెక్టర్ల మార్పులు తెరుచుకుంటాయి. కట్టాక చూడడానికి ఇచ్చే సమయం మూడు గంటలే, కాబట్టి కావాల్సిన ఫైళ్లు వెంటనే దించుకోండి.

కానీ క్లబ్బు ఊరు మారడాన్ని ఆపే కాగితం మాత్రం ఏదీ లేదు. 2019లో ఎఫ్‌సి పుణె సిటీ పోయి ఆ స్థానంలో హైదరాబాద్ ఎఫ్‌సి వచ్చింది. 2022 మార్చిలో ఇండియన్ సూపర్ లీగ్ టైటిల్ గెలిచింది. రెండేళ్లు తిరక్కుండా జీతాల బాకీలతో ఆటగాళ్లు వెళ్లిపోయారు, కొత్త ఆటగాళ్లను తీసుకోకుండా ఫిఫా నిషేధం పడింది. 2024లో యాజమాన్యం మారింది, 2025లో స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ అయింది. గచ్చిబౌలి స్టేడియం ప్రభుత్వానిది, క్లబ్బుకు అక్కడ సొంతమంటూ ఏమీ లేదు, కాబట్టి సర్దుకుని వెళ్లడానికి అడ్డు లేకపోయింది. లీగ్ టీవీ డబ్బు మాటకొస్తే, అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య 2010లో తన వాణిజ్య హక్కులన్నీ 15 ఏళ్లకు 700 కోట్ల రూపాయలకు ఒకే సంస్థకు ఇచ్చింది. ఆ గడువు 2025 డిసెంబరు 8న తీరింది. అంతకు ముందు నెలలో కొత్త టెండర్ తెరిస్తే ఏడాదికి కనీసం 37.5 కోట్లు అన్న షరతుకు ఒక్క బిడ్ కూడా రాలేదు.

ఊరు, పేరు, రంగులు మార్చాలంటే అభిమానుల సంఘం సమ్మతి తప్పనిసరి చేసే ప్రత్యేక షేరు ఒకటి ఇంగ్లండ్‌లో కొన్ని క్లబ్బుల్లో ఉంది, దాన్ని గోల్డెన్ షేర్ అంటారు. రూపాయి విలువ చేసే ఒక్క షేరు చాలు, కానీ క్లబ్బు కంపెనీ నియమావళి అయిన ఆర్టికల్స్‌లో రాసి రిజిస్టర్ చేయించాలి. సమాఖ్య క్లబ్ లైసెన్స్ షరతుల్లో ఈ వాక్యం చేర్చమని అభిమాన సంఘాలు అడగాల్సింది ఇప్పుడే, కొత్త ఒప్పందం మీద సంతకాలు అయ్యాక కాదు.